గోడలు, పెళ్ళిళ్ళు, నాణేలు

శ్రీకాకుళం అనగానే మా ఆఫీసులో అందరూ ఉత్తరాంధ్ర జిల్లా అనుకుంటారు. నేను చెప్పేది దివిసీమకి పక్కనే, కృష్ణ ఒడ్డున, ఘంటసాల మండలంలో ఉన్న శ్రీకాకుళం. ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉన్న ఊరు. శాతవాహనుల తొలి రాజధాని ఇదేనని అక్కడ చెప్పుకుంటారు. నిజమెంతో గానీ, ఆ మాట విన్నప్పుడల్లా ఛాతీ ఉప్పొంగుతుంది. ఆ పొంగు గురించే ఈ టపా.

చైనా వాళ్ళు సంచార జాతుల్ని ఎలా ఆపారంటే టక్కున 'గోడ' అంటాం. అసలు కథ వేరు. క్రీ.పూ. 200లో హాన్ చక్రవర్తి గావోజు షియోంగ్ను గుర్రపు దళాల మధ్య ఏడు రోజులు చిక్కుకుపోయాడు. బయటపడ్డాక ఏం చేశాడు? రాజవంశం పిల్లనిచ్చి, ఏటేటా పట్టు, ధాన్యం పంపే ఒప్పందం చేసుకున్నాడు. అరవై ఏళ్ళకి పైగా అదే పద్ధతి. తర్వాత వూ చక్రవర్తి యుద్ధానికి దిగాడు, గెలిచాడు కూడా. కానీ ఖజానా ఖాళీ అయ్యి ఉప్పు, ఇనుము వ్యాపారాల్ని ప్రభుత్వం చేతిలోకి తీసుకోవాల్సొచ్చింది.

ఇందులో మనకేం పని అంటారా? అదే షియోంగ్నులు యూచీలను పడమరకి తరిమారు. యూచీలు శకుల్ని నెట్టారు. శకులు మన దేశంలోకి దిగారు. ఒక మాడ్యూల్లో గెలికితే ఎక్కడో ఇంకో మాడ్యూల్ పగిలినట్టన్నమాట!

శకుల్ని మనవాళ్ళు ఎలా ఎదుర్కొన్నారు? గౌతమీపుత్ర శాతకర్ణి క్షహరాత వంశాన్ని రూపుమాపాడని తల్లి గౌతమీ బాలశ్రీ నాసిక్ శాసనంలో చెప్పించింది. జోగల్‌తెంబిలో దొరికిన 13 వేల పైచిలుకు నహపాణుడి వెండి నాణేల్లో మూడింట రెండొంతుల మీద శాతకర్ణి ముద్ర మళ్ళీ కొట్టి ఉంది. ఇంతవరకూ మనం గొప్పగా చెప్పుకుంటాం.

ఆ తర్వాతది చెప్పుకోం. శక రాజు రుద్రదాముడి కూతురు శాతవాహనుల ఇంటికి కోడలైంది. ఆయన వేయించిన జునాగఢ్ శాసనం (క్రీ.శ. 150 ప్రాంతం) ఏమంటుందంటే, శాతకర్ణిని రెండుసార్లు ఓడించినా, దగ్గరి చుట్టరికం వల్ల నాశనం చెయ్యకుండా వదిలేశాడట. అంటే కత్తి కాపాడలేనిచోట వియ్యం కాపాడింది. ఆ అమ్మాయి పేరు కూడా మనకి దక్కలేదు. కన్హేరి శాసనంలో ఫలానా వారి కూతురు, ఫలానా వారి భార్య, అంతే. తర్వాత నాగార్జునకొండ ఇక్ష్వాకులు కూడా ఉజ్జయిని నుంచి రుద్రధర భట్టారికను కోడలిగా తెచ్చుకున్నారు.

చరిత్రంటే గెలుపులే అనుకుంటే సగమే చదివినట్టు. రాజ్యాలు నిలిచింది యుద్ధం, డబ్బు, చుట్టరికం మూడూ కలిస్తేనే. 'విదేశీయుల్ని తరిమేశాం' అని ఫార్వర్డ్ మెయిళ్ళు కొట్టే ముందు ఒక్కసారి మన పంచాంగం తిరగెయ్యండి. 'శాలివాహన శకం' అని ఉంటుంది. క్రీ.శ. 78లో మొదలైన ఆ లెక్కని మొదట్లో బాగా వాడింది పశ్చిమ క్షత్రపులు. శాలివాహనుడి పేరు వందల ఏళ్ళ తర్వాత చేరింది. తరిమేశామనుకున్న వాళ్ళ పేరు ప్రతి పెళ్ళి సంకల్పంలోనూ మనమే పలుకుతున్నాం.

పరాయివాళ్ళెవరో, మనవాళ్ళెవరో, రెండు వేల ఏళ్ళ తర్వాత విడదీయగలమా? నా వల్ల కాదు. మీరేమంటారు?