మందు మారింది, సిరంజి మారలేదు

మా అమ్మమ్మకి షుగరు. గోదావరి జిల్లాల్లో ఈ ముక్క వింటే ఎవరూ ఆశ్చర్యపోరు. చుట్టాలింటికి వెళ్తే కాఫీ ఇచ్చేముందు "పంచదార వెయ్యొచ్చాండీ?" అని అడగడం మా వైపు ఎప్పుడో మర్యాదలో భాగమైపోయింది. అమ్మమ్మ ఉండేది కోనసీమలో ఓ కాలవగట్టు ఊరు. పదకొండేళ్ళుగా పొద్దునా రాత్రీ రెండు పూటలా ఇన్సులిన్ తీసుకుంటోంది. పాలలా తెల్లగా ఉండే మందు, అరచేతుల మధ్య పెట్టి నెమ్మదిగా దొర్లించి, అప్పుడు సిరంజిలోకి లాగాలి. అది మావయ్య డ్యూటీ.

పోయినేడు డాక్టరుగారు మందు మార్చారు. రోజుకి ఒక్కసారే, రాత్రి పడుకునే ముందు. ఇరవైనాలుగు గంటలు పనిచేసే ఇన్సులిన్, గ్లార్జీన్ అంటారు. నీళ్ళలా తేటగా ఉంటుంది. పదహారు యూనిట్లు వెయ్యమన్నారు. రెండు పోట్లు ఒక పోటయ్యింది కదా అని అమ్మమ్మ సంబరపడింది.

మూడో రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి మావయ్య లేచి చూస్తే అమ్మమ్మ చెమటతో తడిసి ముద్దయిపోయి ఉంది. మాట తడబడుతోంది, మావయ్యని పట్టుకుని చచ్చిపోయిన తాతయ్య పేరుతో పిలుస్తోంది. మిషన్లో చూస్తే 38. పంచదార నీళ్ళు పట్టించారు, తేరుకుంది. హమ్మయ్య అనుకున్నారు. గంటన్నర తరవాత మళ్ళీ పడిపోయింది. ఇక ఆటోలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. ఆ రోజంతా గ్లూకోజు సెలైను ఎక్కుతూనే ఉంది.

డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "సిరంజి ఏదీ, చూపించండి."

"ఆయ్, పదహారో గీత దాకానే లాగానండి. మీరు చెప్పినట్టే" అన్నాడు మావయ్య.

నిజమే, పదహారో గీత దాకానే లాగాడు. కానీ అది ఇంట్లో మిగిలిన పాత సిరంజి, ఎర్ర మూతది. మిల్లీలీటరుకి 40 యూనిట్లు ఉండే మందు కోసం గీతలు గీసింది. కొత్త సీసాలో మందు మిల్లీలీటరుకి 100 యూనిట్లు. ఆ సిరంజిలో పదహారో గీత అంటే 0.4 మిల్లీలీటర్లు. కొత్త మందు 0.4 మిల్లీలీటర్లంటే 40 యూనిట్లు. పదహారు అనుకుని మూడు రాత్రులు వరసగా నలభై వేశాడు, అంటే రెండున్నర రెట్లు. డెబ్బై ఆరేళ్ళ మనిషికి.

అమ్మమ్మ ఇప్పుడు బాగానే ఉంది. కానీ నాకు మాత్రం ఆ సంగతి బుర్రలోంచి పోలేదు. అసలు ఒకే మందుకి రెండు రకాల కొలతలు ఎందుకున్నాయి? ఎవడు పెట్టాడు? అని తవ్వుకుంటూ పోతే తేలిన చరిత్ర ఇది.

ఇన్సులిన్ కథ మొదలు చాలామందికి తెలిసిందే. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు మాక్లియడ్ గారి ప్రయోగశాలలో కుక్కల క్లోమం నుంచి ఆ రసాన్ని తీశారు. 1922 జనవరిలో లెనర్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ళ కుర్రాడికి మొదటిసారి ఎక్కించారు. కొలిప్ అనే రసాయన శాస్త్రవేత్త దాన్ని శుద్ధి చేసి ఇచ్చాక అదే నెలలో వేసిన రెండో విడత బ్రహ్మాండంగా పనిచేసింది. అప్పటిదాకా ఆ రకం షుగరొచ్చిన పిల్లలకి వైద్యం ఏమిటంటే తిండి మానిపించడం. అలా చేస్తే కొన్ని నెలలు ఎక్కువ బతికేవాళ్ళు, అంతే. బాంటింగ్, బెస్ట్, కొలిప్ ముగ్గురూ పేటెంటుని తలో డాలరుకి టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. 1923లో బాంటింగ్, మాక్లియడ్లకి నోబెల్ వచ్చింది.

సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు పడేది. కానీ ఆ ఇన్సులిన్ పనిచేసేది ఆరేడు గంటలే. రోజుకి మూడు నాలుగు పోట్లు, రాత్రి పడుకున్న పిల్లల్ని లేపి మరీ పొడవాలి. అందుకే తరవాతి వందేళ్ళ పరిశోధనలో పెద్ద భాగం ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది. దీన్ని ఎక్కువ గంటలు ఎలా లాగాలి?

మొదటి జవాబు డెన్మార్క్ నుంచి వచ్చింది. అక్కడ ఆగస్ట్ క్రోగ్ అనే నోబెల్ గ్రహీత ఉండేవాడు. ఆయన భార్య మేరీకి షుగరు. 1922లో వాళ్ళు అమెరికా ఖండం వెళ్ళినప్పుడు టొరంటో కూడా వెళ్ళి, ఇన్సులిన్ తయారుచేసుకునే అనుమతి తెచ్చుకున్నారు. క్రోగ్, హాగెడార్న్ అనే డాక్టరుతో కలిసి తయారీ మొదలెట్టాడు. ఈ హాగెడార్నే 1936లో ఒక కిటుకు బయటపెట్టాడు. ట్రౌట్ అనే చేప వీర్యం నుంచి (మన పులస కాదు లెండి) ప్రోటమిన్ అనే ప్రోటీను తీసి ఇన్సులిన్‌కి కలిపాడు. దాంతో ఇన్సులిన్ చర్మం కింద తొందరగా కరగదు. నీళ్ళలో పంచదార వేస్తే చటుక్కున కరుగుతుంది, పటికబెల్లం వేస్తే నిమ్మళంగా కరుగుతుంది, అలాగన్నమాట. అదే ఏడాది టొరంటోలో స్కాట్, ఫిషర్ అనేవాళ్ళు దానికి కాస్త జింకు కలిపి ఇంకా ఎక్కువసేపు లాగారు. 1946లో ప్రోటమిన్ పాళ్ళు సరిగ్గా కుదిర్చి ఎన్‌పీహెచ్ చేశారు. ఆ హెచ్ అంటే హాగెడార్నే. అమ్మమ్మ పదకొండేళ్ళు వేసుకున్న పాలరంగు మందులో ముప్పావు వంతుకి కాస్త తక్కువ, అంటే 70 శాతం, ఇదే. మిగతా 30 శాతం మామూలు ఇన్సులిన్. కరగని రేణువులు అడుక్కి దిగుతాయి కాబట్టే దొర్లించి కలపాలి. సరిగ్గా కలపకపోతే ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ.

1978లో మనిషి ఇన్సులిన్ జన్యువుని బాక్టీరియాలో పెట్టి తయారు చేయించారు, 1982లో అది మార్కెట్లోకి వచ్చింది. ఆవులూ పందుల క్లోమాల మీద ఆధారపడే అవసరం తగ్గింది. జన్యువుని రాయడం చేతనైతే దిద్దడం ఎంతసేపు? గ్లార్జీన్‌లో చేసింది అదే. ఇన్సులిన్ గొలుసులో ఒకచోట ఒక అమైనో ఆమ్లాన్ని మార్చి, ఇంకో గొలుసు చివర రెండు ఆర్జినీన్లు తగిలించారు. సీసాలో ఆమ్లగుణం ఉన్న ద్రవంలో ఇది తేటగా కరిగి ఉంటుంది, పీహెచ్ 4 దగ్గర. ఒంట్లోకి వెళ్ళగానే అక్కడ ఆమ్లగుణం లేక, చర్మం కింద సన్నటి పొడిలా పేరుకుంటుంది. అక్కణ్ణించి రోజంతా కొంచెం కొంచెంగా రక్తంలోకి జారుతుంది. నాకు భలే నచ్చింది ఈ ఆలోచన. కలపక్కర్లేదు, కుదపక్కర్లేదు. 2000 సంవత్సరంలో అమెరికాలో అనుమతి వచ్చింది. బెంగుళూరు బయోకాన్ వాళ్ళు 2009లో సొంత గ్లార్జీన్ తెచ్చారు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి దీర్ఘకాల ఇన్సులిన్లని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. 2024లో అయితే వారానికి ఒక్కసారి వేసుకునే ఇన్సులిన్‌కి యూరప్ అనుమతిచ్చింది.

ఆరు గంటల నుంచి వారం దాకా. గొప్ప సంగతే, కాదనను. కానీ ఈ కథలో సిరంజి ఎక్కడుంది?

మొదట్లో యూనిట్‌ని కుందేలుతో కొలిచేవారు. ఆకలితో ఉంచిన రెండు కిలోల కుందేలుకి ఎంత ఎక్కిస్తే షుగరు పడిపోయి మూర్ఛ వస్తుందో, దాన్నిబట్టి లెక్క. తయారీ మెరుగయ్యేకొద్దీ చిక్కదనం పెరిగింది. మిల్లీలీటరుకి 20, తరవాత 40, ఆ తరవాత 80. ఒకే ఇంట్లో రెండు చిక్కదనాల సీసాలు, వాటికి తగ్గ వేరువేరు సిరంజిలు. లెక్క తప్పి జనం పడిపోయేవారు. దాంతో 1970ల్లో అమెరికా అన్నిటినీ 100కి మార్చడం మొదలెట్టింది. బ్రిటన్ 1983లో మారింది. మందుతో పాటు సిరంజి కూడా మార్చి, జనానికి చెప్పి మరీ మార్చారు.

మన దేశంలో సీసాల్లో వచ్చే మామూలు ఇన్సులిన్, ఎన్‌పీహెచ్, 30/70 మిశ్రమం మాత్రం ఎక్కువగా 40 దగ్గరే ఉండిపోయాయి. దీర్ఘకాల ఇన్సులిన్లు బయట తయారైన కొలతతోనే 100గా వచ్చాయి. పెన్నుల్లో పెట్టే గొట్టాలూ 100. ఒక గ్లార్జీన్ అయితే 2015 నుంచి 300తో కూడా వస్తోంది. మందుల షాపులో మాత్రం "ఇన్సులిన్ సిరంజి ఇవ్వండి" అంటే ఇన్సులిన్ సిరంజి ఇస్తారు. ఏ మందుకి అని అడిగేవాళ్ళు ఉంటారు, అడగనివాళ్ళూ ఉంటారు.

1999లో నాసా వాళ్ళ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడి దగ్గర నాశనమైపోయింది. ఒక జట్టు పౌండ్లలో లెక్కలు ఇస్తే ఇంకో జట్టు న్యూటన్లు అనుకుంది. మా ఇంజినీర్లకి ఇది అ ఆ ల్లాంటి పాఠం. రెండు భాగాలు కలిసేచోట కొలత ఒకటేనా అని చూడాలి. అక్కడ పోయింది యంత్రం. ఇక్కడ ఆ రెండు భాగాలు కలిసే చోటు మా మావయ్య చెయ్యి. ఆయన పదో తరగతి దాకా చదివాడు, కొబ్బరితోట చూసుకుంటాడు. తప్పు ఆయన మీద వెయ్యడానికి నాకు మనసొప్పలేదు. వ్యవస్థలో ఉన్న తప్పు చివరికి ఎవరి చేతిలో పేలుతుందో వాళ్ళ మీద నేరం మోపడం మనకి అలవాటు.

ఇంకో సంగతి. దీర్ఘకాల మందు ఎక్కువైతే ఆ పడిపోవడం కూడా దీర్ఘకాలమే. మామూలు ఇన్సులిన్ ఎక్కువైతే కొన్ని గంటల్లో గండం గడుస్తుంది. ఇది రోజంతా జారుతూ ఉంటుంది కాబట్టి ఒకసారి పంచదార పెట్టి తేరుకున్నాక ఊరుకుంటే మళ్ళీ పడతారు. అమ్మమ్మకి జరిగింది అదే.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు అనడానికి ఓ లెక్క చెప్తాను. 2005లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 20 పల్లెల్లో ముప్పై ఏళ్ళు దాటిన 4,535 మందిని పరీక్ష చేశారు. బైర్రాజు ఫౌండేషన్, సిడ్నీ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వంటి సంస్థలు కలిసి చేసిన పని, 2006లో అచ్చయింది. 13.2 శాతం మందికి షుగరు. అందులో సగం మందికి ఆ పరీక్ష దాకా తమకి షుగరుందని తెలీదు. షుగరంటే పట్నం జబ్బు, ఏసీ రూముల జబ్బు అనుకునే రోజుల్లో మడిచేలల్లో పని చేసేవాళ్ళ లెక్క ఇది. ఆ పల్లెల్లో అప్పుడు ముప్పైల్లో ఉన్నవాళ్ళు ఇప్పుడు యాభై దాటారు. మాత్రలతో ఆగనివాళ్ళు ఒక్కొక్కళ్ళూ ఇన్సులిన్‌కి వస్తున్నారు. అంటే ఎర్ర సిరంజి నుంచి కొత్త సీసాకి మారే ఇళ్ళు ఇంకా ఎన్నో ఉంటాయి.

పల్లెలో మందొక్కటే సరిపోదు అనడానికి ఫ్రిజ్ ఇంకో ఉదాహరణ. 1996 నవంబరు తుఫానుకి కోనసీమ రోజుల తరబడి చీకట్లో ఉంది. అలాంటప్పుడు ఇన్సులిన్ ఎక్కడ పెడతాం? నాగపూర్‌లో శరద్ పెండ్సే అనే డాక్టరుగారు ఫ్రిజ్ లేని రోగులకి మట్టికుండలు ఇప్పించారు. మన ఇళ్ళల్లో నీళ్ళకుండ చేసే పనే. 2021లో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్ళు, సరిహద్దులు లేని డాక్టర్ల సంస్థ కలిసి, కెన్యాలో శరణార్థి శిబిరం ఎండలకి తగ్గట్టు 25 నుంచి 37 డిగ్రీల మధ్య నాలుగు వారాలు పెట్టినా ఇన్సులిన్ శక్తి తగ్గలేదని చూపించారు. అంటే కొన్నిసార్లు కావలసింది కొత్త అణువు కాదు. ఓ కుండ, ఓ మాట.

మరి ఏం చెయ్యాలి? దేశమంతా ఒకేసారి 100కి మార్చెయ్యమని అనడం సులువే. మార్చే ఆ ఏడాదిలో కోట్ల ఇళ్ళల్లో పాత సిరంజిలు ఉంటాయి కాబట్టి అదీ ప్రమాదమే. పెన్ను వాడితే గీతల గొడవ లేదు, యూనిట్లు తిప్పుకోవడమే. కానీ ఖర్చెక్కువ. బ్రిటన్ వాళ్ళలా తేదీ పెట్టుకుని, చాటింపు వేసి, సిరంజిలతో సహా మార్చే ఓపిక ఉంటే మంచిదే. అది అయ్యేలోపు గ్లార్జీన్ సీసా అమ్మినప్పుడల్లా దానికి తగ్గ సిరంజి చేతిలో పెట్టడం మాత్రం ఈ రోజే చెయ్యొచ్చని నా ఉద్దేశం.

మావయ్య ఇప్పుడు ఎర్ర మూత సిరంజిలన్నీ పారేశాడు. 40 మందుకి ఎర్ర మూత, 100 మందుకి నారింజ మూత. ఫ్రిజ్ తలుపు మీద అమ్మమ్మ క్యాలెండరు చించి దాని వెనకాల పెద్ద అక్షరాలతో "సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటే ఉండాలి" అని రాసి అంటించాడు. వందేళ్ళ చరిత్రంతా చదివి నేను తెలుసుకున్నది కూడా ఇంతకన్నా ఎక్కువేం కాదు.

మీ ఇంట్లో ఎవరైనా ఇన్సులిన్ తీసుకుంటుంటే ఈ ఆదివారం ఫోన్లో "బాగున్నారా, తిన్నారా" అయ్యాక ఇంకో ప్రశ్న కూడా అడగండి. సిరంజి మూత ఏ రంగు?