తెఱవెనుక కళాసేవకులు: వారి పూర్వస్థితియు, నేటి మన ధర్మమును

 

రంగస్థలముపై నిలిచిన రాజును ఊరెల్ల జూచును. ఆ రాజునకు కిరీటము చేసినవానిని, తెఱ వ్రాసినవానిని, శ్రుతి చూపి పద్యమును నడిపించినవానిని, కథ యెచ్చట మొదలిడి యెచ్చట ముగింపవలెనో యెఱిగి తెఱచాటున నిలిచినవానిని జూచువారు లేరు. మన వార్షిక సంచికలయందు అధ్యక్షుల ఛాయాచిత్రములను, దాతల నామావళిని ప్రకటించుచున్నాము. అది యుచితమే. కాని కులముల పుట్టుపూర్వోత్తరములను పాటగను, బొమ్మగను నిలిపి మన కందించినవారి పేళ్లు వానిలో గానరావు. వారి చరిత్రమును గొంత విన్నవించి, ఆపత్కాలమున వారియెడ మనము చేయదగినదానిని సూచించుటకై యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ విషయమున మన ప్రాచీనులు మనకంటె నుదారులు. భరతముని నాట్యశాస్త్రము తుదిభాగమున నాటకబృందమును లెక్కించుచు, నటునితోడను సూత్రధారునితోడను నాగలేదు. కిరీటములు చేయువానిని, నగలు చేయువానిని, పూలదండలు గట్టువానిని, వేషము దిద్దువానిని, చిత్రకారుని, వస్త్రములు సిద్ధపఱచు రజకుని గూడ నా బృందమునందే చేర్చెను. తెఱకు ముందున్నవారు కళావంతులు, వెనుకనున్నవారు కూలివారు అను భేద మాయన యెఱుగడు.

తెలంగాణమున నీ బృందధర్మము కులవ్యవస్థయం దొక విలక్షణరూపమును దాల్చెను. అనేక కులములకు వాని పురాణమును చెప్పు ఆశ్రితకులములు వేఱువేఱుగా గలవు. పద్మశాలీలకు కూనపులివారును, గొల్లలకు కాటమరాజు కథ చెప్పు మందెచ్చులవారును, ముదిరాజులకు పాండవకథ చెప్పు కాకిపడగలవారును, మాదిగలకు జాంబపురాణము చెప్పి యక్షగానము లాడు చిందువారును అట్టివారు. ఏ యూళ్లు ఏ కుటుంబమునకు జెందునో వారిలో వారి కేర్పాటుండెను. దానిని మిరాశి యందురు. అది తండ్రినుండి కొడుకునకు సంక్రమించునది. కథకులు తమ వంతు వచ్చినపుడు గ్రామమునకు వచ్చి, పురాణము చెప్పి, కులపెద్దలనుండి ధాన్యమును, ధనమును, వస్త్రములను గైకొని పోవుచుండిరి. అది భిక్ష గాదు, హక్కు. కాలక్రమమున నిచ్చువారు దీనిని దానమని తలపసాగిరి. పుచ్చుకొనువారిని యాచకులని పిలువసాగిరి. హక్కు దానమైనపుడు దానిని తగ్గించుటకు గాని మానుటకు గాని యెవ్వరికిని సంకోచ ముండదు. ఈ కళల క్షీణతకు చలనచిత్రము లొక్కటియే కారణమని చెప్పుట సులభము. కాని పోషకులైన మన చేతిముష్టి బిగిసినదనుటయు సత్యమే.

ఈ కథకుల వెనుక నింకొక చేయి కలదు. అది చేర్యాల నకాశీ చిత్రకారునిది. కథకుడు వెదురుపుల్లతో జూపుచు పాడు పటమును వ్రాయువా డీతడే. గుడ్డకు గంజియు, సుద్దమట్టియు, చింతగింజల యంబలియు, బంకయు గలిపి పలుమాఱులు పూసి యార్చి, ఎఱ్ఱని నేలపై కథను వరుసగడులుగా వ్రాయును. పూర్వపు పటములు ముప్పది నలువది యడుగుల పొడవుండెడివి. ఏ ఘట్టమునకు పెద్ద గడి నీయవలెనో, దేనిని విడువవలెనో నిర్ణయించుటలో చిత్రకారుడు కథాకల్పనయందును భాగస్వామియే. అయినను పటముపై నతని పేరుండదు. పటము జీర్ణమైనపుడు దానిని శాస్త్రోక్తముగా నదిలో గలుపుట యాచారము. ఎన్ని తరముల చిత్రకారుల పనితన మిట్లు నీటిపాలయ్యెనో లెక్కలేదు. కథకుని మిరాశి చెడిన దినముననే చిత్రకారునికి క్రొత్త పటముల పనియు దప్పిపోయెను. ఆ మీదట వారిలో మిగిలినవారు గోడకు వ్రేలాడదీయు చిన్న చిత్రములతోను, బొమ్మలతోను బ్రదుకు నెట్టుకొని వచ్చిరి.

ఇక మన ఖమ్మము, భద్రాచల మరణ్యసీమను గాంచుదము. నేలకొండపల్లి కంచర్ల గోపన్న పుట్టినయూరు. 17వ శతాబ్దమున నాతడు పాల్వంచ పరగణా తహశీలుదారుగా నుండి భద్రగిరిపై నాలయమును గట్టించి, గోలకొండ చెఱసాల పాలగుట జగద్విదితము. ఆయన పేర ఖమ్మమున నాటకములకు భక్తరామదాసు కళాక్షేత్రమును వెలసినది. అడవిలోని కోయలకు డోలీలు కలరు. వీరు వేల్పుల పండుగలలో పడిగె యను బొమ్మల గుడ్డను బట్టి, గట్టుల యొక్కయు గోత్రముల యొక్కయు వంశావళిని, సమ్మక్క సారలమ్మల కథను డోలు వాయించుచు పాడుదురు. మణుగూరు మండలము కూనవరమునకు జెందిన సకిని రామచంద్రయ్యగారు కోయభాషలోను తెలుగునను ఈ కథలను పాడి, 2022లో పద్మశ్రీ బిరుదము నందిరి, 2024లో స్వర్గస్థులైరి. అట్టి కథకు డొక్కడు కన్ను మూసినచో, వ్రాతలో లేని వంశచరిత్రలు గూడ వానితో బోవును.

ఈ సీమవారి కష్టమునకు వేఱొక కారణ మున్నది. భద్రాచలము 1959 వఱకు తూర్పు గోదావరి జిల్లాలో నుండి, పిదప ఖమ్మము జిల్లాలో జేరెను. 2014లో కూనవరము, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మున్నగు మండలములు ఆంధ్రప్రదేశమునకు బోయెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము వేఱు జిల్లా యయ్యెను. ప్రభుత్వసహాయము జిల్లాను బట్టి వచ్చును. కళ చుట్టఱికమును, జాతరను బట్టి నడచును. కళాకారు డొక యెల్లలోను, వాని నాదరించు కుటుంబము లింకొక యెల్లలోను నుండుట యిచ్చట వింత గాదు.

పద్యనాటకముల వెనుకనున్నవారి స్థితి మఱియు నస్థిరము. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున కీచకవధ నాటకముతో వనారస గోవిందరావుగారు స్థాపించిన సురభి సమాజమున కుటుంబమే సమాజము. సాయంకాలము వేషము గట్టువారే పగలు తెఱలు సవరింతురు, దీపములు గట్టుదురు, మాయాబజారునకు యంత్రములు సిద్ధము చేయుదురు. కావున నార్జన యెంత స్వల్పమైనను తెఱవెనుకవాని వంతు ఇంటనే యుండును. విడివిడిగా బనిచేయు హార్మోనిస్టునకు, మేకప్ పనివానికి, దుస్తులద్దెవానికి, దీపములవానికి నట్టి యాధారము లేదు. ఏ రాత్రి కా రాత్రియే కూలి.

2020 మార్చి 25న దేశమంతట రాకపోకలు స్తంభించెను. ఏప్రిల్ 2న శ్రీరామనవమి. భద్రాచల కల్యాణము భక్తజనము లేకయే యాలయమున జరిగెను. మఱుసటి యేడును నట్లే జరిగెను. నవమి పందిళ్లు లేవు, నాటకములు లేవు. నటునికి బేరైన నుండును గనుక నెవ్వరో జ్ఞాపకముంచుకొందురు. తెఱ లాగినవాని పేరు సహాయముచేయువారి జాబితా కెక్కుటయే దుర్లభము.

ఇతర దేశములవా రీ చిక్కు నెట్లు తీర్చుకొనిరో గమనింపదగును. ఫ్రాన్సు దేశమున 1936లో చలనచిత్ర శ్రామికుల కారంభించిన నిరుద్యోగ భద్రత 1960వ దశకమున రంగస్థలమువారికిని వ్యాపించెను. సుమారొక యేటిలో 507 గంటలు పనిచేసినట్లు చూపినచో పని లేని దినములకు భృతి లభించును. దీపములవానికిని నటునికిని హక్కు గలదు. అమెరికాలో 1882లో నటుల నిధి యను పేర బుట్టిన ధర్మసంస్థ, నటులే గాక తెఱవెనుకవారును తనవారేయని తెలుపుటకై 2022లో పేరు మార్చుకొనెను. జాబితాయందు పేరుండుటయే సహాయమునకు మొదటి మెట్టని దీనివలన దేటపడుచున్నది.

కావున సంఘమువారికి నాలుగు మనవులు. మొదటిది, మన కథ చెప్పువారి పేళ్లతోపాటు పటము వ్రాయువారి, వాద్యముల వారి, వేషము దిద్దువారి పేళ్లును జిల్లాయెల్లలు చూడక గ్రామగ్రామమున సేకరించి యిట్టి సంచికలలో ప్రకటింపవలెను. రెండవది, దాతల విరాళములనుండి కొంత మూలధనము వేఱుపఱచి, దాని వడ్డీని ప్రదర్శనములు లేని వర్షాకాలమున వారి కియ్యవలెను. మూడవది, ప్రతి మహాసభయందును నొక ప్రదర్శన మేర్పాటుచేసి, ప్రతి చేతికిని ముట్టవలసిన కూలిని ముందుగా వ్రాసికొని యియ్యవలెను. కొన్ని యేండ్ల కొకసారి క్రొత్త పటమును వ్రాయించి, చిత్రకారుని పేరు దానిపై నుంచవలెను. నాలుగవది, ఈ విద్య నేర్చుకొను పిన్నలకు నేర్చుకొను కాలమున భృతి నియ్యవలెను.

శాలువ కప్పుట మంచిదే. కాని శాలువ యాకలి దీర్పదు. మిరాశి యను మాటలో నుండిన గౌరవమును మరల నిలుపుదము. దానముగ గాక బాకీగ నెంచి చెల్లింతము. మన పూర్వుల కథ వారి గొంతునను, వారి కుంచెయందును బ్రదికి యున్నంతవఱకే మనకును చరిత్ర యుండునని విన్నవించుచు విరమించుచున్నాము.