కొలత గడప దాటిన చరిత్ర: మధుమేహం సోకిన పిల్లికి గృహచికిత్స - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
మధుమేహ చికిత్సాచరిత్రను ప్రయోగశాలల చరిత్రగా, ఔషధావిష్కరణల చరిత్రగా చెప్పడం పరిపాటి. ఆ చికిత్స నిత్యం జరిగే చోటు మాత్రం ఇల్లు. పెంపుడు పిల్లికి మధుమేహం ఉందని తేలినప్పుడు ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. రోజుకు రెండుసార్లు సూది వేయడం, రక్తంలో చక్కెర కొలవడం, తిండి, నీరు, బరువు గమనించడం వంటివన్నీ ఇంటివారి పనులే. ఈ పనులు ఇంటివారి చేతికి ఎలా వచ్చాయి? అందుకు ఏయే ఆవిష్కరణలు, ఏయే మనుషులు, ఏయే జంతువులు కారణమయ్యారు? ఈ ప్రశ్నలను చారిత్రక క్రమంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మధుమేహం, పిల్లి, ఇన్సులిన్, గృహచికిత్స, వైద్యచరిత్ర, కొలత.

1. ఉపోద్ఘాతం:
పిల్లికి మధుమేహం వచ్చిందని మొదట పసిగట్టేది సాధారణంగా ఇంటివారే. నీళ్ళగిన్నె త్వరగా ఖాళీ అవుతుంది. మూత్రం ఎక్కువవుతుంది. ఆకలి తగ్గకపోయినా బరువు తగ్గుతుంది. కొన్ని పిల్లులు నాడులు దెబ్బతినడం వల్ల వెనుకకాళ్ళ మడమలు నేలకు ఆనించి నడుస్తాయి. వైద్యుడు రక్తమూత్ర పరీక్షలతో వ్యాధిని నిర్ధారిస్తాడు, మందును, మోతాదును నిర్ణయిస్తాడు. ఆ తర్వాత వచ్చే ప్రతి ఉదయమూ, ప్రతి సాయంత్రమూ ఇంటివారివే.

పిల్లుల్లో కనిపించే మధుమేహం చాలావరకు మనుషుల్లోని రెండవ రకం మధుమేహాన్ని పోలి ఉంటుంది. స్థూలకాయం, వయసు పైబడటం, కదలిక తక్కువ కావడం రెండింటికీ ఉమ్మడి కారణాలు. క్లోమంలోని ఇన్సులిన్ కణాల చుట్టూ అమిలాయిడ్ అనే పదార్థం పేరుకోవడం కూడా రెండింటిలో కనిపిస్తుంది. అందువల్ల పిల్లి మధుమేహ చరిత్రను మనిషి మధుమేహ చరిత్ర నుంచి విడదీసి చెప్పడం సాధ్యం కాదు.

2. పేరులో నిలిచిన పరిశీలన:
చరకసంహిత నిదానస్థానంలో ప్రమేహానికి ముందు కనిపించే లక్షణాల్లో రోగి శరీరానికీ మూత్రానికీ చీమలు, తుమ్మెదలు చేరడం ఒకటి. ఆయుర్వేదం చెప్పిన ఇరవై ప్రమేహాల్లో మధుమేహం వాతజాలలో చేరుతుంది. అది అసాధ్యమని, అంటే నయం కానిదని సంప్రదాయం. ఈ పేరు వెనుక ఉన్నది పరికరం కాదు, పెరట్లోనో వాకిట్లోనో జరిగిన పరిశీలన. చీమ ఇక్కడ తొలి పరీక్షాసాధనం. ఐరోపాలో 1674లో థామస్ విల్లిస్ మధుమేహ రోగుల మూత్రం తియ్యగా ఉంటుందని నమోదు చేశాడు. 1776లో మాథ్యూ డాబ్సన్ ఆ తీపికి కారణం చక్కెరేనని మూత్రాన్ని ఆవిరి చేసి చూపాడు. చీమ చూపిన ఆనవాలు నాలుకకు, నాలుక నుంచి రసాయనశాస్త్రానికి చేరింది.

అయితే ఈ పరిశీలన పిల్లి దాకా రాలేదు. మన ప్రాచీన పశువైద్యం ప్రధానంగా రాజ్యానికి ఉపయోగపడే జంతువుల వైద్యం. పాలకాప్యుని పేర హస్త్యాయుర్వేదం, శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రం నిలిచాయి. తెలుగులో మనుమంచి భట్టు అశ్వలక్షణాలను గ్రంథస్థం చేశాడు. పిల్లికి మాత్రం శాస్త్రంలో కాక సామెతల్లో, కథల్లో చోటు దక్కింది. తెనాలి రామకృష్ణుని పిల్లి కథను ఈ కోణంలో చదవవచ్చు. ఎలుకల బెడద కోసం రాజు ఇంటింటికీ పిల్లిని పంచి, దాని పాల కోసం ఆవునిచ్చాడు. రామకృష్ణుడు వేడిపాలు పెట్టి పిల్లిని పాలంటే భయపడేలా చేశాడు. ఆ కథలో పిల్లి ఒక పనికి నియమించిన జీవి. దాని పోషణ ఖర్చు ఎవరు భరించాలన్నదే అక్కడి సమస్య. పనితో నిమిత్తం లేకుండా, జబ్బుపడిన పిల్లి ప్రాణానికి రోజుకు రెండు సూదుల శ్రమ వెచ్చించడం ఆధునిక కాలం తెచ్చిన సంబంధం.

3. జంతువు నుంచి మనిషికి, మనిషి నుంచి పిల్లికి:
1889లో స్ట్రాస్‌బర్గ్‌లో ఆస్కార్ మిన్‌కోవ్‌స్కీ, యోసెఫ్ ఫాన్ మెరింగ్ ఒక కుక్క క్లోమాన్ని తొలగించినప్పుడు దానికి మధుమేహం వచ్చింది. 1921 వేసవిలో టొరంటోలో ఫ్రెడరిక్ బాంటింగ్, చార్లెస్ బెస్ట్ కుక్కల మీదే ప్రయోగాలు చేసి క్లోమసారం రక్తంలో చక్కెరను తగ్గిస్తుందని చూపారు. జేమ్స్ కొలిప్ ఆ సారాన్ని శుద్ధి చేశాడు. 1922 జనవరి 11న పద్నాలుగేళ్ళ లియొనార్డ్ థాంప్సన్‌కు ఇచ్చిన తొలి సూది ఆశించిన ఫలితమివ్వలేదు. జనవరి 23న శుద్ధి చేసిన సారంతో మళ్ళీ చికిత్స మొదలుపెట్టినప్పుడు చక్కెర తగ్గింది. అంతకుముందు ఫ్రెడరిక్ అలెన్ ప్రచారం చేసిన ఉపవాస చికిత్స రోగుల ఆయుష్షును కొంతకాలం పొడిగించగలిగిందే తప్ప ప్రాణం నిలపలేకపోయింది.

తర్వాత ఆరు దశాబ్దాలపాటు మనిషి వాడిన ఇన్సులిన్ ఆవు, పంది క్లోమాల నుంచి తీసినదే. 1955 నాటికి ఫ్రెడరిక్ సాంగర్ ఆవు ఇన్సులిన్‌లోని అమైనో ఆమ్లాల వరుసను పూర్తిగా నిర్ధారించాడు. పిల్లి ఇన్సులిన్ నిర్మాణంలో ఆవు ఇన్సులిన్‌కు అత్యంత సమీపం, రెండింటి మధ్య తేడా ఒకే ఒక అమైనో ఆమ్లం. అందుకే ఆవు ఇన్సులిన్ ఉన్న ప్రొటమీన్ జింక్ ఇన్సులిన్ పిల్లుల చికిత్సలో చాలాకాలం నిలిచింది.

1982లో సూక్ష్మజీవుల ద్వారా తయారైన మానవ ఇన్సులిన్ విపణిలోకి రావడంతో జంతు ఇన్సులిన్ క్రమంగా కనుమరుగైంది. మనుషులకు మేలు చేసిన ఈ మార్పు పిల్లులు పెంచేవారికి ఒక చిక్కు తెచ్చింది. అలవాటైన మందు దొరకడం కష్టమైంది. 2009లో అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ పిల్లుల కోసం ఆమోదించిన ప్రొజింక్‌లో ఉన్నది మానవ ఇన్సులినే. ఒకనాడు ఆవు ఇన్సులిన్ మనిషిని బతికించింది, ఇప్పుడు మానవ ఇన్సులిన్ పిల్లిని బతికిస్తోంది.

4. కొలత ఇంటికి చేరిన తీరు:
మందు దొరికినంత మాత్రాన గృహచికిత్స సాధ్యం కాదు. మోతాదు ఎక్కువైతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది, తక్కువైతే వ్యాధి ముదురుతుంది. కాబట్టి కొలత కావాలి. బోస్టన్ వైద్యుడు ఇలియట్ జాస్లిన్ 1918లోనే వైద్యులతోపాటు రోగులను కూడా ఉద్దేశించి మధుమేహ కరదీపికను ప్రచురించాడు. రోగికి నేర్పడం చికిత్సలో భాగమేనని ఆయన నమ్మకం. అప్పట్లో ఇంట్లో చేయదగిన పరీక్ష మూత్రానిదే. మన కళాశాలల ప్రయోగశాలల్లో నేటికీ కనిపించే బెనెడిక్ట్ ద్రావణంలో మూత్రం కలిపి వేడిచేస్తే నీలం ఆకుపచ్చగా, పసుపుగా, చివరికి ఇటుక ఎరుపుగా మారేది. 1956లో మూత్రంలో ముంచి చూసే క్లినిస్టిక్స్ పట్టీ వచ్చింది.

రక్తపరీక్షకు మాత్రం గడప దాటడం కష్టమైంది. 1970 ప్రాంతంలో వచ్చిన ఏమ్స్ రిఫ్లెక్టెన్స్ మీటరును వైద్యులకే అమ్మేవారు. మధుమేహ రోగి, ఇంజనీరు అయిన రిచర్డ్ బెర్న్‌స్టీన్ వైద్యురాలైన తన భార్య పేర దాన్ని తెప్పించుకుని, తన రక్తాన్ని తానే రోజుకు పలుమార్లు పరీక్షించుకున్నాడు. తర్వాత నడివయసులో వైద్యవిద్య అభ్యసించి వైద్యుడయ్యాడు. 1978లో ఇంగ్లండు వైద్యులు రోగులు ఇంట్లో చేసుకునే రక్తపరీక్ష ఆచరణసాధ్యమేనని ప్రచురించిన అధ్యయనాలు ఈ మార్గానికి శాస్త్రీయ ఆమోదం తెచ్చాయి. ఇక్కడ గమనించదగిన విషయం ఒకటుంది. పరికరం ఉండటం వేరు, దాన్ని వాడే అధికారం ఉండటం వేరు. గృహచికిత్సా చరిత్ర ప్రధానంగా ఈ రెండవదాని చరిత్ర.

5. పిల్లి చెవి అంచున:
పిల్లి విషయంలో ఇంటి కొలతకు అదనపు ప్రాధాన్యం ఉంది. భయం, ఒత్తిడి వల్ల పిల్లి రక్తంలో చక్కెర గణనీయంగా పెరుగుతుంది. బుట్టలో పెట్టి ఆసుపత్రికి తీసుకువెళ్ళిన పిల్లిలో కనిపించే అంకె, ఇంట్లో కిటికీ పక్కన పడుకున్న అదే పిల్లిలోని అంకె కాకపోవచ్చు. అందుకే వ్యాధి నిర్ధారణలో అంతకుముందు కొన్ని వారాల చక్కెర స్థాయిని సూచించే ఫ్రక్టోసమైన్ పరీక్షను వైద్యులు వాడతారు. మూత్రపరీక్ష కూడా పూర్తి కథ చెప్పదు. మనిషిలో రక్తపు చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే మూత్రంలో కనిపిస్తుంది. పిల్లిలో ఆ హద్దు సుమారు 250 నుంచి 300.

2000 ప్రాంతంలో జ్యూరిచ్ విశ్వవిద్యాలయ పశువైద్యులు పిల్లి చెవి అంచున గుచ్చి తీసిన రక్తబిందువుతో చిన్న మీటరుపై చక్కెర కొలవవచ్చని, ఆ పని యజమానులు ఇంట్లో నేర్చుకుని చేయగలరని చూపారు. చెవిని గోరువెచ్చగా చేసి, అంచున ఉన్న సన్నని సిర పక్కన గుచ్చితే చాలు. మనుషుల మీటర్లు పిల్లి రక్తంలో చక్కెరను సాధారణంగా ఉన్నదానికన్నా తక్కువ చూపుతాయి. కాబట్టి ఏ మీటరు వాడుతున్నారో వైద్యునికి తెలియాలి.

ఈ మార్గంలో ఒక మైలురాయి 2009లో రూంప్, రాండ్ ప్రచురించిన అధ్యయనం. గ్లార్జిన్ ఇన్సులిన్, పిండిపదార్థాలు తక్కువగా ఉన్న ఆహారం, ఇంటివారు రోజూ పలుమార్లు చేసిన రక్తపరీక్షల ఆధారంగా 55 పిల్లులను వారు పరిశీలించారు. వాటిలో 64 శాతం ఇన్సులిన్ అవసరం లేని ఉపశమన స్థితికి చేరాయి. వ్యాధి తెలిసిన ఆరు నెలల్లోపు ఈ పద్ధతి మొదలుపెట్టిన వాటిలో ఆ శాతం 84, ఆలస్యమైన వాటిలో 35. పోల్చి చూడటానికి మరో వర్గం లేకపోవడం, పాల్గొన్నవారు ప్రత్యేక శ్రద్ధగల యజమానులు కావడం ఈ అధ్యయనానికి పరిమితులు. అయినా కొత్తగా వ్యాధి తెలిసిన పిల్లి విషయంలో తొలి నెలలు ఎంత విలువైనవో ఇది తెలియజేస్తుంది. సంప్రదాయం అసాధ్యమన్న వ్యాధిలో ఉపశమనానికి చోటు ఏర్పడింది.

ఆహారం విషయంలో మానవ వైద్యచరిత్రను పిల్లికి యథాతథంగా అన్వయించకూడదు. పిల్లి మాంసాహారానికే ఏర్పడిన దేహం గల జీవి. 1797లో జాన్ రోలో మధుమేహ రోగులకు సూచించిన మాంసప్రధాన ఆహారం పిల్లికి సహజాహారం. అలెన్ ఉపవాసం మాత్రం దానికి ప్రాణాంతకం కావచ్చు, ఎందుకంటే లావుపాటి పిల్లి కొద్దిరోజులు తినడం మానేసినా కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. తెలుగు ఇళ్ళలో పిల్లికి పాలన్నం, పెరుగన్నం పెట్టడం అలవాటు. మధుమేహం సోకిన పిల్లికి ఆ అన్నం తగదు. అయితే ఇన్సులిన్ వాడుతుండగా ఒక్కసారిగా అన్నం మానిపిస్తే మోతాదు ఎక్కువై చక్కెర పడిపోవచ్చు. మార్పు వైద్యుని సలహాతో, కొలతతో జరగాలి.

6. ఒక సిరంజి, రెండు కొలతలు:
కొలత చేతికి వచ్చాక పొరపాటు కూడా చేతికి వస్తుంది. పశువుల కోసం తయారైన ఇన్సులిన్లు సాధారణంగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల గాఢతలో ఉంటాయి. గ్లార్జిన్ 100 యూనిట్లది. అమెరికాలో మనుషుల ఇన్సులిన్ 100 యూనిట్ల గాఢతకు ఏనాడో మారింది. భారతదేశంలో మనుషులకు అమ్మే ఇన్సులిన్ సీసాల్లో 40 యూనిట్లవి నేటికీ వాడుకలో ఉన్నాయి, వాటి సిరంజిలూ మందుల దుకాణాల్లో దొరుకుతాయి. గ్లార్జిన్‌ను 40 యూనిట్ల సిరంజిలో తీస్తే పిల్లికి చేరేది అనుకున్నదానికి రెండున్నర రెట్లు. ఒక యూనిట్ చుట్టూ తిరిగే మోతాదులో ఆ తేడా ప్రాణం మీదికి వస్తుంది. పిల్లి నీరసించి తూలుతున్నా, వణుకుతున్నా, మూర్ఛలు వస్తున్నా చిగుళ్ళకు తేనె గాని చక్కెరపాకం గాని రాసి వెంటనే వైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళాలి. ఇంట్లో అమ్మమ్మ ఇన్సులిన్ సిరంజి, పిల్లి సిరంజి ఒకే చోట ఉండే కుటుంబాలకు ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

7. మళ్ళీ మూత్రం దగ్గరికి:
2022 డిసెంబరులో అమెరికా నియంత్రణ సంస్థ పిల్లుల మధుమేహానికి బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రను, 2023 ఆగస్టులో వెలాగ్లిఫ్లోజిన్ ద్రావణాన్ని ఆమోదించింది. ఇవి రక్తంలోని అదనపు చక్కెరను మూత్రం ద్వారా బయటకు పంపుతాయి. ఏ లక్షణం వ్యాధికి పేరు పెట్టిందో ఆ లక్షణమే ఇప్పుడు చికిత్సామార్గమైంది. దానితో మూత్రంలో చక్కెర చూసే పాత పట్టీకి అర్థం మారింది. మందు పనిచేస్తున్నంతకాలం అది చక్కెరను చూపుతూనే ఉంటుంది. గమనించవలసినవి కీటోన్లు. రక్తంలో చక్కెర మామూలుగా ఉన్నప్పుడే కీటోయాసిడోసిస్ వచ్చే ప్రమాదం ఈ మందులతో ఉంది. అందుకే అంతకుముందు ఇన్సులిన్ వాడని, ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్న పిల్లులకే ఇవి ఉద్దేశించినవి. సూది తప్పింది, కాపలా తప్పలేదు.

8. ముగింపు:
పై పరిశీలన వల్ల ఈ కింది విషయాలు తేటతెల్లమవుతున్నాయి.
• మధుమేహ చికిత్సలో మందు ఎంత ముఖ్యమో, కొలత ఎవరి చేతిలో ఉందన్నది అంతే ముఖ్యం. చీమ నుంచి మీటరు దాకా జరిగిన ప్రయాణం ఈ అధికారం చేతులు మారిన చరిత్ర.
• ఈ చరిత్రలో జంతువులు ప్రయోగ సాధనాలుగా, ఔషధ వనరులుగా మొదలై, చివరికి రోగులుగా గుర్తింపు పొందాయి.
• పిల్లి తన బాధ చెప్పుకోలేదు. అందువల్ల దాని విషయంలో ఇంటివారి పరిశీలన వైద్యుని జ్ఞానానికి అనుబంధం కాదు, ఆధారం. తేదీ, వేళ, మోతాదు, చక్కెర, తిన్న తిండి, బరువు రాసుకున్న పుస్తకం ఒక వైద్యపత్రం.
• ఈ చికిత్సకు సమయం, ధనం, ఓపిక కావాలి. అవి లేని ఇంట్లో పిల్లి ప్రాణం నిలవడం కష్టం. గృహచికిత్స అందించిన స్వేచ్ఛ వెంట ఈ భారం కూడా వచ్చిందని చరిత్రకారులు గుర్తించాలి.
• మధుమేహమన్న పదం ఇంటి పరిశీలనలోంచి పుట్టింది. సీసా మీది గాఢత, సిరంజి మీది గీత, ప్రమాద లక్షణాలు తెలుగులో స్పష్టంగా చెప్పే సాహిత్యం ఆ పదానికి సహజమైన కొనసాగింపు. తెలుగు శాఖలు, పశువైద్య కళాశాలలు కలిసి చేపట్టదగిన పని ఇది.