ఇంగ్లిషులో ప్రకృతి, పర్యావరణ పదజాలం: చరిత్ర

ప్రకృతి గురించి, పర్యావరణం గురించి ఇంగ్లిషులో నేడు వాడే పదాలు అనేక కాలాల్లో, అనేక భాషల నుంచి చేరినవి. రైతులు, రాజులు, నావికులు, శాస్త్రవేత్తలు, ఉద్యమకారులు తమ తమ అవసరాల కొద్దీ వీటిని తెచ్చారు. చెట్టు, వాన, గాలి వంటి కంటికి కనిపించే వాటి పేర్లు మొదట ఏర్పడ్డాయి. జీవుల మధ్య సంబంధాలను చెప్పే పదాలు 19వ శతాబ్దం రెండో సగం నుంచి, మనిషి చేతల వల్ల వచ్చే ముప్పులను చెప్పేవి ఎక్కువగా 20వ శతాబ్దంలో పుట్టాయి.

తొలి పొరలు

ట్రీ, ఓక్, రెయిన్, విండ్, స్టార్మ్, ఫీల్డ్ వంటి రోజువారీ మాటలు ప్రాచీన ఇంగ్లిషు నుంచి వచ్చినవే. ఆకాశాన్ని సూచించే స్కై మాత్రం వైకింగుల నార్స్ భాషది. మొదట్లో దాని అర్థం మేఘం. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక రివర్, మౌంటెన్, వ్యాలీ, నేచర్ వంటి ఫ్రెంచి పదాలు చేరాయి. ఫారెస్ట్ కూడా వాటిలో ఒకటే. మధ్యయుగపు ఇంగ్లండులో అది చట్టపరమైన పదం. రాజు వేట కోసం ప్రత్యేక చట్టాల కింద ఉంచిన భూమిని, అందులో చెట్లు దట్టంగా లేకపోయినా, ఫారెస్ట్ అనేవారు. లాండ్‌స్కేప్ 16వ శతాబ్దం చివర డచ్చి చిత్రకారుల పరిభాష నుంచి వచ్చింది. ముందు బొమ్మకు పేరైన ఆ మాటే తర్వాత కళ్ల ముందున్న నేలకూ పేరైంది.

భారతదేశం నుంచి వెళ్లిన పదాలు

ఐరోపా వర్తకులు హిందూ మహాసముద్రంలో అడుగుపెట్టాక మరో పొర చేరింది. ఋతువు అనే అర్థమున్న అరబ్బీ మాట మౌసిమ్ పోర్చుగీసు మీదుగా మాన్‌సూన్ అయింది. టేకు చెట్టుకు ఇంగ్లిషులో ఉన్న పేరు కూడా పోర్చుగీసు ద్వారానే మలయాళం నుంచి వెళ్లింది. తెలుగువారి పందికొక్కు బాండికూట్‌గా మారి ఇంగ్లిషు నిఘంటువులకెక్కింది. ఆస్ట్రేలియాకు వెళ్లిన ఆంగ్లేయులు అక్కడి ఒక సంచి జంతువుకూ అదే పేరు పెట్టారు. ఆ జంతువుకూ మన పందికొక్కుకూ జాతి సంబంధం ఏమీ లేదు.

జంగిల్ కథ ఇంకా విచిత్రం. ఆయుర్వేద గ్రంథాల్లో జాంగల దేశమంటే నీరు తక్కువగా ఉండి, చెట్లు పలచగా పెరిగే పొడి నేల. హిందీ ద్వారా ఇంగ్లిషుకు చేరిన ఈ పదం క్రమంగా తేమతో నిండిన కీకారణ్యానికి పేరైంది. ఇలాంటి పదాల చరిత్రను హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ 1886లో వెలువరించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో నమోదు చేశారు.

అడవుల పాలన పరిభాషకూ భారతదేశంతో ముడి ఉంది. ఓడల నిర్మాణానికి టేకు కావలసిన ఈస్టిండియా కంపెనీ 1806లో మలబారులో అడవుల కన్సర్వేటర్‌ను నియమించింది. ఆంధ్ర ప్రాంతం కూడా అంతర్భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో 1856లో హ్యూ క్లెగ్‌హార్న్ ఆ పదవి చేపట్టాడు. అమెరికా అటవీ సేవకు మొదటి అధిపతి అయిన గిఫర్డ్ పింఛో 20వ శతాబ్దం తొలి దశకంలో కన్సర్వేషన్ అనే పదాన్ని ప్రభుత్వ విధానానికి పేరుగా ప్రచారంలోకి తెచ్చాడు. బ్రిటిష్ ఇండియాలో కన్సర్వేటర్ అనే హోదా ఉండటం దీనికి నేపథ్యమని ఆయనే రాసుకున్నాడు. ఆయనకు మార్గదర్శకుడైన జర్మన్ అటవీ నిపుణుడు డీట్రిచ్ బ్రాండిస్ 1864లో భారత అటవీ శాఖకు తొలి ఇన్‌స్పెక్టర్ జనరల్‌ అయినవాడు.

మేఘాలు, తుపానులు

1802లో లండనులో చేసిన ఒక ఉపన్యాసంలో ల్యూక్ హోవర్డ్ మేఘాలకు సిర్రస్, క్యుములస్, స్ట్రాటస్, నింబస్ అనే లాటిన్ పేర్లు ప్రతిపాదించాడు. వృత్తిరీత్యా ఆయన మందుల తయారీదారు. లాటిన్ పేర్లు కావడంతో ఏ దేశపు పరిశీలకులైనా వాటిని వాడుకోగలిగారు. 1896 నాటి అంతర్జాతీయ మేఘాల అట్లాసు కూడా ఈ పద్ధతినే అనుసరించింది.

సైక్లోన్ అనే పదం కలకత్తాలో పుట్టింది. అక్కడి నౌకా న్యాయస్థానంలో పనిచేసిన హెన్రీ పిడింగ్టన్ బంగాళాఖాతపు తుపానుల్లో చిక్కిన ఓడల దినచర్య పుస్తకాలను పరిశీలించి, గాలి వలయంగా తిరుగుతుందని గమనించాడు. వలయం, పాము చుట్ట అనే భావాలున్న గ్రీకు పదం ఆధారంగా 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో ఈ పేరు పెట్టాడు. గోదావరి డెల్టాలోని కోరంగి రేవును 1789లో ముంచెత్తిన ఉప్పెన ఆయన చర్చించిన ఘటనల్లో ఒకటి.

శాస్త్ర పరిభాష

ఎన్విరాన్‌మెంట్ అనే పదాన్ని నేటి అర్థానికి దగ్గరగా 1828లో థామస్ కార్లైల్ వాడాడు. జర్మన్ రచయిత గేథే గురించి రాస్తూ జర్మన్ మాటకు సమానంగా దీన్ని ఎంచుకున్నాడు. హెర్బర్ట్ స్పెన్సర్ రచనలతో అది జీవశాస్త్రంలో, సామాజిక శాస్త్రంలో స్థిరపడింది. ఎకాలజీ కూడా జర్మన్ దారినే వచ్చింది. ఇల్లు అనే అర్థమున్న గ్రీకు పదంతో ఎర్నెస్ట్ హెకెల్ 1866లో దీన్ని సృష్టించాడు. 1893లో అమెరికాలోని మాడిసన్ నగరంలో జరిగిన వృక్షశాస్త్ర మహాసభ దీని ఇంగ్లిషు వర్ణక్రమాన్ని సరళం చేసింది. 1913లో బ్రిటిష్ ఎకలాజికల్ సొసైటీ ఏర్పడింది.

1927లో చార్లెస్ ఎల్టన్ జంతు జీవావరణంపై రాసిన పుస్తకంతో ఫుడ్ చైన్, అంటే ఆహారపు గొలుసు అనే భావన బలపడింది. ఎకోసిస్టమ్ మాత్రం ఒక వాదం మధ్యలో పుట్టింది. ఒక ప్రాంతంలోని మొక్కల సముదాయం ఒకే ప్రాణిలా పుట్టి, పెరిగి, పరిపక్వమవుతుందని అమెరికన్ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ క్లెమెంట్స్, ఆయన అనుయాయులు వాదించేవారు. ఆ పోలికను తోసిపుచ్చుతూ 1935లో ఆర్థర్ టాన్‌స్లీ ఎకోసిస్టమ్ అనే పదాన్ని ప్రతిపాదించాడు. నేల, నీరు, ఉష్ణోగ్రత వంటి నిర్జీవ అంశాలను జీవులతో కలిపి ఒకే వ్యవస్థగా చూడాలన్నది ఆయన వాదన.

కాలుష్యం, ఉద్యమాలు

పారిశ్రామిక నగరాలు కొత్త పదాలను తప్పనిసరి చేశాయి. మాంచెస్టరు ప్రాంతపు వాన నీటిని పరీక్షించిన రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ ఆంగస్ స్మిత్ 1872 నాటి తన గ్రంథంలో ఆసిడ్ రెయిన్ అనే మాట వాడాడు. అది జనం నోటికి రావడానికి మరో వందేళ్లు పట్టింది. పొగ, మంచు కలిసిన గాలికి స్మాగ్ అనే పేరును 1905లో హెన్రీ డెవో ప్రచారంలోకి తెచ్చాడు. 1952 డిసెంబరులో లండనును కమ్మేసిన స్మాగ్ వల్ల సుమారు 4,000 మంది చనిపోయారని అప్పట్లో లెక్కగట్టారు. తర్వాతి పరిశోధకులు ఈ సంఖ్యను 12,000 దాకా అంచనా వేశారు. 1956లో బ్రిటన్ స్వచ్ఛమైన గాలి చట్టం చేసింది.

1962లో రేచల్ కార్సన్ రాసిన సైలెంట్ స్ప్రింగ్ పురుగుమందుల చర్చను ప్రయోగశాలల నుంచి ఇళ్లలోకి తెచ్చింది. పురుగులనే కాక అన్ని ప్రాణులనూ చంపుతాయి కనుక వాటిని బయోసైడ్లు అనాలని ఆమె సూచించింది. వాడుకలో మాత్రం పెస్టిసైడ్ నిలిచింది. ఐక్యరాజ్యసమితి కమిషన్ ఇచ్చిన 1987 నాటి బ్రంట్‌లాండ్ నివేదికతో సస్టైనబుల్ డెవలప్‌మెంట్, అంటే సుస్థిర అభివృద్ధి, ప్రభుత్వాల భాషలో భాగమైంది. బయోడైవర్సిటీ అనే కుదింపు, 1986లో వాషింగ్టన్‌లో జరిగిన ఒక సదస్సు సన్నాహాల్లో వాల్టర్ రోజెన్ చేసినది. సదస్సు వ్యాసాలను ఈ.ఓ. విల్సన్ సంపాదకత్వంలో 1988లో ప్రచురించడంతో అది ప్రపంచమంతా పాకింది. 1992లో రియోలో జరిగిన ధరిత్రీ సదస్సు నాటికి జీవవైవిధ్యంపై అంతర్జాతీయ ఒప్పందమూ వచ్చింది.

పేర్లపై వివాదాలు

గ్లోబల్ వార్మింగ్ అనే మాట 1975లో సైన్స్ పత్రికలో వాలెస్ బ్రోకర్ రాసిన వ్యాసం శీర్షికలో కనిపిస్తుంది. 1988లో జేమ్స్ హాన్సెన్ అమెరికా సెనెట్ కమిటీ ముందు సాక్ష్యమిచ్చాక వార్తాపత్రికల్లో మారుమోగింది. క్లైమేట్ చేంజ్ కూడా శాస్త్రవేత్తలు వాడుతున్న పదమే. అయితే 2002లో ఫ్రాంక్ లంట్జ్ అనే ప్రచార వ్యూహకర్త, ఇది తక్కువ భయపెడుతుందని, దీన్నే వాడాలని రిపబ్లికన్ పార్టీ నేతలకు సలహా ఇచ్చాడు. 2019లో బ్రిటన్ పత్రిక గార్డియన్ అందుకు ఎదురుదిశలో వెళ్లి, క్లైమేట్ ఎమర్జెన్సీ, క్లైమేట్ క్రైసిస్ వంటి తీవ్రమైన పదాలకు ప్రాధాన్యమిచ్చింది. క్లైమేట్ ఎమర్జెన్సీ ఆ ఏడాది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుల మేటి పదంగా ఎంపికైంది.

ఒక మనిషి లేదా సంస్థ వల్ల వెలువడే కర్బన ఉద్గారాల లెక్క అయిన కార్బన్ ఫుట్‌ప్రింట్‌పై విమర్శ వేరే రకం. 1992లో విలియం రీస్ వాడిన ఎకలాజికల్ ఫుట్‌ప్రింట్ దీనికి ముందరిది. 2000 దశకం మధ్యలో చమురు సంస్థ బీపీ తన ప్రకటనలతో కార్బన్ ఫుట్‌ప్రింట్‌ను ఇంటింటికీ చేర్చింది. దీనివల్ల బాధ్యత కంపెనీల నుంచి వినియోగదారుడి మీదికి మళ్లిందని విమర్శకులు అంటారు. 2000లో పాల్ క్రుట్జెన్, యూజీన్ స్టోర్మర్ ముందుకు తెచ్చిన ఆంత్రోపోసీన్‌ను, అంటే మానవ ప్రభావపు యుగాన్ని, అధికారిక భూయుగంగా గుర్తించాలన్న ప్రతిపాదన 2024లో భూగర్భ శాస్త్రవేత్తల ఓటింగులో వీగిపోయింది. అయినా ఆ పదం వాడుకలో కొనసాగుతోంది.

పాత పదాల తొలగింపు కూడా వివాదమైంది. 2007 నాటి ఆక్స్‌ఫర్డ్ జూనియర్ డిక్షనరీ ఓక్ కాయకు పేరైన ఏకార్న్, బటర్‌కప్ పువ్వు వంటి మాటలను తీసేసి, బ్రాడ్‌బ్యాండ్, బ్లాగ్ వంటివి చేర్చింది. పిల్లల వాడుకను బట్టే పదాలను ఎంచుతామని ప్రచురణకర్తలు చెప్పారు. 2015లో మార్గరెట్ ఆట్‌వుడ్ సహా 28 మంది రచయితలు దీనిపై నిరసన లేఖ రాశారు. 2017లో రాబర్ట్ మాక్‌ఫార్లేన్, చిత్రకారిణి జాకీ మారిస్ కలిసి తెచ్చిన ది లాస్ట్ వర్డ్స్ పుస్తకానికి ఈ వివాదమే ప్రేరణ.

తెలుగులో ఈ పదాలు

ఈ ఇంగ్లిషు పదాలకు తెలుగులో పర్యావరణం, ఆవరణ వ్యవస్థ, జీవవైవిధ్యం, భూతాపం వంటి సమానార్థకాలు ఏర్పడ్డాయి. పర్యావరణాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని 1991లో న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. జీవవైవిధ్యం అనే మాట 2002 నాటి చట్టంతో, దాని కింద ఏర్పడే స్థానిక యాజమాన్య కమిటీలతో గ్రామాల దాకా చేరింది. 2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒప్పంద దేశాల 11వ సదస్సు హైదరాబాదులో జరిగినప్పుడు పత్రికల్లో రోజూ కనిపించింది. ఇంగ్లిషులో అట్మాస్ఫియర్, వెదర్, క్లైమేట్ అని వేరువేరుగా ఉన్న మూడింటికీ పత్రికల తెలుగు తరచూ వాతావరణం అనే ఒక్క మాటే వాడుతుంది. పాఠ్యపుస్తకాలు మాత్రం మూడోదాన్ని శీతోష్ణస్థితి అని వేరుచేసి చెబుతాయి.