సువ్వి పాట: శ్రమలో లీల

వేదాంతులు సృష్టికార్యమును లీల అన్నారు. బ్రహ్మసూత్రాలలో ఈ విచారణ ఉన్నది. ఆప్తకాముడైన ఈశ్వరునకు పొందవలసినదేదీ లేదు గనుక జగన్నిర్మాణము ఆయనకు క్రీడామాత్రమే. మరి ఆకలి తీరుటకై పనిచేయు జీవునకు లీల ఎక్కడిది? ఈ ప్రశ్నకు సమాధానమును తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) చరిత్రలో వెదకుట నాకు ఇష్టము.

పదకవితా పితామహునకు బాల్యమున ఇంటిపనులు రుచించలేదు. మనుమడు చిన్నన్న రచించిన ద్విపద చరిత్రను బట్టి, ఇంటివారు ఆయనను పశువులకు గడ్డి కోసి తెమ్మని పంపినారు. కొడవలి తగిలి వేలు తెగినది. ఆ వేదనలోనే తిరుమల యాత్రికుల బృందము కంటబడగా, వారితో కలిసి వెళ్లిపోయినారు.

పని విడిచి పోయిన ఆ బాలుడే పిమ్మట శ్రామికుల పాటలను భగవత్కైంకర్యమున చేర్చినారు. తిరుమల సంకీర్తనా భాండారము నుండి వెలువడిన రాగిరేకులలో లాలి, గొబ్బి, జాజరలతో పాటు సువ్వి పదములును ఉన్నవి.

సువ్వి దంపుడుపాట. ఒకే రోటిలో ఇద్దరు స్త్రీలు రెండు రోకళ్లతో దంచునపుడు ఒకరిది లేచు క్షణమున మరొకరిది పడవలెను. లయ తప్పినచో రోకళ్లు ఢీకొనును, బియ్యము నూకయగును. కనుక ఇచట గానము పనికి పైనుండి అద్దిన అలంకారము కాదు, పనికి అంతర్భూతమైన ఉపకరణము. (పనిపాటలు అను జంటపదములోని రెండవది గానమో, ‘పాటు’ అను శ్రమయో నిఘంటుకారులు తేల్చవలసినదే. చెవికి మాత్రము గానమే వినబడును.)

అన్నమయ్య ఆ లయను అట్లే ఉంచి, దంచబడు వస్తువును మార్చినారు. ఒక సువ్వి కీర్తనలో వనితల మనస్సే కుందెన, అందు దంచబడునది వలపు. రోకటి బరువు తగ్గినదని ఆయన చెప్పలేదు. పాట వలన శ్రమ మాయమగునని పలుకువారు ఒక పుట్టెడు వడ్లు దంచి చూడవలెను. ప్రయోజనము జీవునిదే, ఆకలియు జీవునిదే. అయినను ఒక పోటుకు మరొక పోటుకు నడుమనున్న ఆ లిప్తకాలములో ఏ ప్రయోజనమూ లేదు, అచట ఉన్నది లయ ఒక్కటే. జీవునకు దక్కిన లీల అంతమాత్రమేనని నా అభిప్రాయము.

మరలు వచ్చిన పిదప ఇంటింటి దంపుడు తొలగినది. పెండ్లిండ్లలో పసుపు దంచునపుడు ముత్తైదువలు నేటికిని సువ్వి పాడుదురు. సభలలో ఆ పదమును రోకలి లేకుండ గాయకులు ఆలపించుచున్నారు.