బీ పోలెన్‌తో హెర్బల్ టీ.. ఇంట్లోనే ఈజీగా చేసుకోండి.. కానీ వీళ్లు మాత్రం తాగొద్దు!

తేనెటీగలు పూల పుప్పొడిని మకరందంతో తడిపి, చిన్న ఉండలుగా వెనుక కాళ్లకు అంటించుకుని గూటికి తెస్తాయి. ఈ ఉండలే బీ పోలెన్. వీటిలో ప్రోటీన్లు, విటమిన్లు, ఖనిజాలు ఉంటాయి. మరి దీంతో టీ ఎలా చేయాలో చూద్దాం..

కావాల్సినవి: నీళ్లు ఒకటిన్నర కప్పు, తులసి ఆకులు 6, చిన్న అల్లం ముక్క, బీ పోలెన్ పావు టీస్పూన్, తేనె ఒక టీస్పూన్.

తయారీ: నీళ్లలో తులసి, దంచిన అల్లం వేసి 5 నిమిషాలు మరిగించి వడకట్టాలి. గోరువెచ్చగా అయ్యాకే పోలెన్ పొడి, తేనె కలపాలి. సలసల కాగే నీళ్లలో వేస్తే కొన్ని విటమిన్లు తగ్గిపోతాయి.

జాగ్రత్త: పుప్పొడి అలర్జీ, ఆస్తమా ఉన్నవాళ్లు దీని జోలికి వెళ్లొద్దు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా మానేయడమే మంచిది. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడేవాళ్లు డాక్టర్‌ను అడగాల్సిందే. మిగతావాళ్లు కూడా మొదటిసారి రెండు, మూడు పలుకులతోనే మొదలుపెట్టాలి. దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఇది తాగితే బరువు తగ్గుతారనే ప్రచారానికి మాత్రం గట్టి ఆధారాలు లేవు.