చెరువును నిలిపిన కట్టుబాటు

క్రొత్త యంత్రము వచ్చినంతనే దేశమునకు సంపద కలుగునని పలువురు తలంతురు. జనగామ మొదలు భూపాలపల్లి వఱకు గల సీమయందలి చెరువులు వేఱొక పాఠము చెప్పుచున్నవి. 13వ శతాబ్దమున కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ, నేఁటి మహబూబాబాదు జిల్లాలోని బయ్యారమున చెరువు కట్టించినట్లు శాసనము గలదు. కట్టయు తూమును నిర్మించిన నేర్పు గొప్పది. ఆ నేర్పును తరతరముల పంటగా నిలిపినది దశబంధము: చెరువు కట్టించి కాపాడువారికి ఆయకట్టున పదియవ వంతు దక్కెడిది. నీరు పంచెడి నీరటికాఁడు కళ్లమున మేర పొందెడివాఁడు. సంపన్నదేశములలో యంత్రము వెనుక పాఠశాలయు, పరిశోధనాలయమును, పెట్టుబడియు నిలుచుట యిట్టిదే. కట్టుబాటు సడలినచోట చెరువు పూడెను. 2015లో ప్రభుత్వము 'మిషన్ కాకతీయ' పేర పూడిక తీయింప మొదలిడెను. ఇఁక ఏటేట కట్ట చూచువాఁ డెవఁడు? వానికి మేర యెవ్వ రిత్తురు? ఇందులకు మన గ్రామములే యుత్తర మీయవలెను.